మొక్క గుణమా, నేల గాయమా?

భద్రాచలం దగ్గర గోదావరి వరద తీశాక, దసరా నాటికి ఒడ్డు వెంట మేటలు వేసిన ఇసుక బయటపడుతుంది. కార్తీకం వచ్చేసరికి ఆ ఇసుక పచ్చబడుతుంది. నీటి వైపు రెల్లు తెల్లగా పూసి గాలికి వాలుతుంటుంది. ఒడ్డు వైపు, మనుషులూ గొడ్లూ నడిచిన చోట, మరులమాతంగి ముళ్లకాయలతో గుంపుగా నిలబడి ఉంటుంది. గట్టెక్కి రోడ్డు మీదికి వస్తే వయ్యారిభామ. అడవి దారి పట్టి రెండు మైళ్లు పోతే తునికి పొదల నడుమ పులికంప. ఇసుక నుంచి అడవి దాకా ఇక్కడి మొక్కల్లో కొన్ని మన నేలవి, కొన్ని బయటినుంచి వచ్చి నిలదొక్కుకున్నవి. బయటివి మనవాటిని ఎందుకు నెట్టేయగలుగుతున్నాయి? వాటి ఒంట్లో ఏదో ప్రత్యేక గుణం ఉందా, లేక వాటికి మనం చోటు చేసి పెట్టామా?

ఈ ప్రశ్న మీద ప్రపంచమంతటా అరవై ఏళ్లకు పైగా పరిశోధన జరిగింది. తీరప్రాంతపు ఇసుక దిబ్బల మీద, దీవుల్లో, గడ్డినేలల్లో స్థానిక మొక్కనూ చొరబాటు మొక్కనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఆ జవాబులను ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకు తెచ్చి చూస్తే మనకు ఏం తెలుస్తుందో చెప్పడమే ఈ సమీక్ష పని.

శాస్త్రం నడిచిన దారి

1958లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ ఎల్టన్ జంతువుల, మొక్కల చొరబాట్ల మీద రాసిన పుస్తకం ఈ శాస్త్రానికి పునాది. 1965లో హెర్బర్ట్ బేకర్ 'ఆదర్శ కలుపు మొక్క' ఎలా ఉంటుందో ఒక జాబితా ఇచ్చాడు: ఎక్కడైనా మొలవాలి, త్వరగా పూతకు రావాలి, తనంతట తాను గింజ కట్టాలి, గింజలు లెక్కలేనన్ని ఉండాలి, దగ్గరికీ దూరానికీ వ్యాపించాలి, కోసినా తుంచినా మళ్లీ చిగురించాలి. వయ్యారిభామను చూసినవారికి ఆ జాబితా దాని జాతకంలా కనిపిస్తుంది.

తరవాత లెక్కలు వచ్చాయి. 2010లో మార్క్ వాన్ క్లూనెన్, ఆయన సహచరులు 117 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 125 చొరబాటు జాతులను 196 చొరబాటు కాని జాతులతో పోల్చారు. ఎదుగుదల వేగం, మొక్క పరిమాణం, ఆకుల విస్తీర్ణం, సంతానోత్పత్తి వంటి గుణాల్లో చొరబాటు జాతులదే మొత్తం మీద పైచేయి అని తేల్చారు. అంటే మొక్క గుణానికి పాత్ర ఉంది.

అయితే అంతకు ముందే, 2003లో, హవాయికి చెందిన కర్టిస్ డేలర్ ఇంకో వైపు చూపించాడు. చొరబాటు మొక్కనూ స్థానిక మొక్కనూ ఒకటికి మించిన పరిస్థితుల్లో పెంచి చూసిన 55 పోలికలను ఆయన పరిశీలించాడు. వాటిలో 94 శాతం పోలికల్లో, కనీసం కొన్ని పరిస్థితుల్లోనైనా, స్థానిక మొక్క బయటి మొక్కతో సమానంగానో అంతకంటే మెరుగ్గానో నిలిచింది. నీరు తక్కువగా, నేల బీదగా ఉన్న చోట స్థానిక మొక్క బలం బయటపడింది. 2000లో డేవిస్, గ్రైమ్, థాంప్సన్ చెప్పిన సూత్రం దీనికి తోడు నిలుస్తుంది: నేలలో నీరో, వెలుతురో, పోషకమో ఒక్కసారిగా వాడకుండా మిగిలిపోయినప్పుడు బయటి మొక్కకు తలుపు తెరుచుకుంటుంది. చెట్టు కొట్టినా, నిప్పు పెట్టినా, వరద కోసినా, ఎరువు జల్లినా జరిగేది అదే.

ఈ రెండు మాటలూ నిజమే. వేగం గల మొక్క గెలుస్తుంది, కానీ వేగానికి ఫలితం దక్కే చోటే గెలుస్తుంది. ఆ చోటు చాలాసార్లు మన చేతులతో తయారైనదే.

ఇసుక చెప్పే పాఠం

గోదావరి మోసుకుపోయిన ఇసుకే కింద అంతర్వేది దాకా తీరాన్ని కట్టింది. సముద్రపు దిబ్బ మీద బతకడం ఏ మొక్కకైనా కష్టం. ఎండకు కాలే ఇసుక, ఉప్పుగాలి, నిలవని నీరు, అన్నిటికీ మించి రోజూ మీద పడే ఇసుక. అక్కడి స్థానిక మొక్కలు ఆ కష్టాన్నే బతుకుతెరువు చేసుకున్నాయి. బాలబందితీగ ఇసుక మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు దింపుతుంది. దాని గింజ ఉప్పునీటిలో నెలల తరబడి తేలి ఇంకో తీరానికి చేరి మొలుస్తుంది. రావణాసురుడి మీసాలు అని మనవాళ్లు పిలిచే గడ్డికి ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ కంకి పండి ముళ్లబంతిలా విడివడి గాలికి దొర్లుకుంటూ పోయి గింజలు చల్లుతుంది. ఇసుక కప్పితే ఈ రెండూ చావవు, ఇంకాస్త పైకి లేస్తాయి. దిబ్బను కట్టి నిలిపేది ఈ గుణమే.

తుపాను గాలికి అడ్డుగా, కలప కోసం, అదే దిబ్బల మీద సరుగుడు నాటారు. సరుగుడు బాగా పెరిగింది. దాని కింద రాలిన పుల్లల మందపు పరుపులో పాకే తీగలకు మాత్రం వెలుతురూ లేదు, చోటూ లేదు. చెట్టు చెడ్డదని కాదు. దిబ్బకు కావలసిన పని ఒకటి, మనం నాటిన చెట్టు చేసే పని ఇంకొకటి.

భద్రాచలం ఒడ్డున ఈ కథనే మంచినీటి మీద చూడవచ్చు. 1986 ఆగస్టులో ఇక్కడ గోదావరి 75.6 అడుగులు తాకింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గరే ఇస్తారంటే ఆ నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఊహించుకోవచ్చు. అలాంటి వరద ఒడ్డును గీకి, కొత్త ఇసుక పోసి, పైనున్న ఊళ్ల గింజలన్నీ తెచ్చి పరిచి పోతుంది. రెల్లు దీనికి పుట్టుకతోనే సిద్ధం. ఇసుకలో పాతుకుపోయిన దుంపవేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది, కప్పిన కణుపుల దగ్గర కొత్త వేళ్లు వేస్తుంది. కాస్త పైన ఏరుమద్ది రెక్కల కాయలు నీటి మీద తేలి వచ్చి, ఒడ్డున చిక్కుకుని మొలుస్తాయి. వరదను తట్టుకోవడం మన నది మొక్కలు ఏనాడో నేర్చాయి.

ఇక మరులమాతంగి. మొదట అమెరికా ఖండాల మొక్కే అన్నది ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞుల మాట. ఎండిన కాయ ఒకటి తీసుకుని రాయి మీద పెట్టి నిలువునా చీల్చి చూడండి. నిండా కొక్కేల ముళ్లున్న గట్టి పెంకు లోపల రెండు గదులు, రెండు గింజలు. ఒకటి ముందు మొలుస్తుంది, రెండోది ఆగి తరవాతి అదును కోసం చూస్తుంది. మొదటిది వరదకు పోయినా, ఎండకు మాడినా, రెండోది ఉంటుంది. కొక్కెం మేక వెంట్రుకకు పట్టుకుంటుంది, పంచె అంచుకు పట్టుకుంటుంది, కాయ నీటి మీద తేలుతుంది. మొలకగా ఉన్నప్పుడు గొడ్డుకు విషం. ఒక్క కాయలో ఇన్ని ఏర్పాట్లు. అయినా రెల్లు దట్టంగా అల్లుకున్న చోట దానికి అంత చోటు దొరకదు. రెల్లు కొట్టేసి, ఇసుక తవ్వి, గొడ్ల దారి పడిన చోటే అది గుంపు కడుతుంది.

అడవి అంచున ఎవరు, ఎక్కడ

గోదావరి దాటి కిన్నెరసాని అభయారణ్యం వైపు గానీ, పాపికొండల వైపు గానీ పోతే ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, యేగిస, ఇప్ప, తునికి, సారపప్పు, వెదురు. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా బతికిన అడవి. తునికాకు, ఇప్పపువ్వు, అడ్డాకు ఈ నేలకు తిండీ డబ్బూ కూడా.

ఈ అడవి లోపలి భాగంలో బయటి మొక్క తక్కువ. అంచున ఎక్కువ. రోడ్డు వెంట వయ్యారిభామ, గడ్డిచామంతి. చెరువుల్లో గుర్రపుడెక్క, నీటి అంచున లొట్టపీసు. బంజర్లలో సర్కారుతుమ్మ. చెట్టు పలచబడ్డ అడవిలో పులికంప. తులసి జాతి ఘాటు వాసనతో మనిషెత్తు పెరిగే సీమతులసి అడవి దారుల పక్కన, కాలిన నేలలో కనిపిస్తుంది.

వీటి రాక ఒక్కోదానిది ఒక్కో కథ. పులికంపను పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు పూల అందం కోసం తెచ్చారు. సర్కారుతుమ్మ గింజలు జమైకా నుంచి వచ్చి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటుకున్నాయి. వంటచెరకు కొరత తీర్చాలన్నది అప్పటి ఉద్దేశం. సర్కారు నాటించింది కనుకే సర్కారుతుమ్మ. వయ్యారిభామను 1955లో పుణెలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. ఒకటి అందానికి, ఒకటి అవసరానికి, ఒకటి పొరపాటున. ఏదీ తనంతట తాను సముద్రం దాటి రాలేదు.

విత్తనం, ఆకు, వేరు, నిప్పు

ఇప్పనూ వయ్యారిభామనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు బతుకు పద్ధతులు కనిపిస్తాయి. ఇప్ప గింజ పెద్దది, నూనె నిండినది. రాలిన కొద్ది వారాల్లోనే మొలవాలి, లేకపోతే జీవం పోతుంది. ఆ గింజనే నూనె కోసం మనుషులు ఏరుకుంటారు. మొలిచిన ఇప్ప పూతకు రావడానికి పదేళ్ల దాకా పట్టవచ్చు. వయ్యారిభామ మొలిచిన నెల రోజులకే పూస్తుంది. ఒక్క మొక్క పదిహేను నుంచి పాతిక వేల గింజలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ల తరబడి జీవంతో ఉంటాయి. ఇప్ప వందేళ్లు నిలబడదామని కూడబెట్టే మొక్క, వయ్యారిభామ ఈ వానకు దొరికింది పట్టుకుని వెళ్దామనే మొక్క. నేల కదలకుండా ఉంటే మొదటిది గెలుస్తుంది. ప్రతి ఏడూ గీకి, తవ్వి, తొక్కితే రెండోదే గెలుస్తుంది.

ఆకు లెక్కా అంతే. చొరబాటు మొక్కలు ఎక్కువగా పలుచని, వెడల్పైన ఆకులను చవకగా పరుస్తాయి. వెలుతురు దొరికినంత కాలం వేగంగా ఎదుగుతాయి. తునికాకు దళసరి, తోలులాంటిది. దాన్ని కట్టడానికి మొక్కకు ఖర్చెక్కువ, కానీ ఎండకు నిలుస్తుంది. బీడీ చుట్టడానికి పనికొచ్చేది ఈ తునికాకే.

వేరు దగ్గర తునికి బలం తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొడితే తునికి వేరు పిలకల నుంచి లేత ఆకులు వేస్తుంది. ఏప్రిల్, మేలో కోసేది ఆ ఆకులే. కోతనూ నిప్పునూ తట్టుకోవడం దానికి కొత్త కాదు. కానీ పులికంపా మొదలు దగ్గర కొడితే అక్కడినుంచే గుంపుగా చిగురిస్తుంది. ఇద్దరికీ ఒకే విద్య. తేడా ఎక్కడంటే, పులికంప పండ్లు పికిలిపిట్టలు, గోరింకలు తిని గింజలను దూరదూరం విసురుతాయి. దాని ఆకు పశువుకు విషం కనుక మేపుతో తగ్గదు. గుబురు కట్టాక కింద గడ్డికీ మొలకలకూ వెలుతురు అందదు. తునికి పొదను చుట్టుముడితే ఆకు కోసే చేతికి ముల్లే అందుతుంది.

నిప్పు ఈ లెక్కను ఇంకా తిప్పుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. ఆ చిన్న మంట పక్కనే ఎండిన పులికంప పొద ఉంటే మంట పెద్దదవుతుంది. పెద్ద మంట చిన్న మొలకలను చంపుతుంది. వాన పడగానే పులికంప మొదలు చిగురిస్తుంది, ఖాళీ అయిన చోట సీమతులసి గింజలు మొలుస్తాయి. వచ్చే ఏడు కాలడానికి మళ్లీ అదే ఎండుపొద సిద్ధం. ఒకసారి ఈ చక్రంలో పడ్డ అడవి తనంతట తాను బయటపడడం కష్టం.

బయటిదంతా చొరబాటు కాదు

పరాయి మొక్క అన్న మాట, చొరబాటు మొక్క అన్న మాట ఒకటి కావు. సారపాక కాగితపు మిల్లు వచ్చాక ఖమ్మం, కొత్తగూడెం, సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు రైతుల పొలాల్లోనూ, అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లోనూ జామాయిల్ వేల ఎకరాల్లో పెరిగింది. భద్రాచలం క్లోన్లు దేశమంతటా పేరు పొందాయి. జామాయిల్ పరాయి చెట్టే. కానీ తోటలో నాటితే తోటలోనే ఉంటుంది, ఇక్కడ అడవిలోకి తనంతట తాను పాకడం అరుదు. దాని గురించి అడగవలసిన ప్రశ్న నీటి గురించి, అది పోటీ పడే పంట గురించి. చొరబాటు గురించి కాదు.

సుబాబుల్ సంగతి వేరు. అదీ గుజ్జు కోసం, మేత కోసం నాటిందే. కానీ కాయలు కుప్పలుగా కట్టి, గింజ రాల్చి, నత్రజనిని తానే కూడబెట్టుకుంటూ గట్ల వెంట, ఖాళీ నేలల్లో తానే మొలుస్తుంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం చేసిన నూరు ఘోర చొరబాటు జీవుల జాబితాలో పులికంప, గుర్రపుడెక్కలతో పాటు సుబాబుల్ పేరూ ఉంది. రెండూ ఒకే మిల్లుకు పోయే కట్టెలే, గుణాలు వేరు. అందుకే 'విదేశీ చెట్టు' అన్న ఒక్క ముద్రతో అన్నిటినీ కట్టేయడం తప్పు.

ఈ మాటకు ఇంకో వైపు నుంచి సాక్ష్యం మన మొక్కలే ఇస్తాయి. మన ఒడ్డును కాపాడే రెల్లు పనామా కాలువ పరీవాహక ప్రాంతంలో అడవి తిరిగి లేవకుండా అడ్డుపడే చొరబాటు గడ్డి. మన చెరువు గట్టు నల్లతుమ్మ ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గడ్డినేలను ఆక్రమించిన ముళ్లచెట్టు. ఇక్కడ దాన్ని తినే పురుగులు, మేకలు, కొట్టుకునే మనుషులు అన్నీ ఉన్నాయి. అక్కడ శత్రువు లేడు. మొక్క అదే, చోటు మారింది. స్థానికత మొక్క ఒంట్లో ఉండే గుణం కాదు, ఒక నేలతో దానికి పాతుకున్న చుట్టరికం.

ఎంత నష్టం, ఎలా తగ్గించారు

2023లో వివిధ దేశాల ప్రభుత్వాల ఉమ్మడి జీవవైవిధ్య వేదిక ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 37,000కు పైగా జీవజాతులు మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరాయి. వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయి. ఏడాది నష్టం 2019 నాటికే 42,300 కోట్ల డాలర్లు దాటింది. మన దేశంలో పులుల అడవుల విస్తీర్ణంలో 40 శాతం దాకా పులికంప పాకిందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. గడ్డి పోతే దుప్పి పోతుంది, దుప్పి పోతే పులి పోతుంది. గడ్డి పోతే గొడ్డు కూడా పోతుంది. తునికి, సారపప్పు మరుగునపడితే కోయ ఇంటి వేసవి సంపాదన పోతుంది.

తగ్గించిన కథలూ ఉన్నాయి. దక్షిణాదిని కప్పేసిన నాగజెముడును 1926లో తెచ్చిన ఒక చిన్న పురుగు కొద్ది ఏళ్లలోనే అణచింది. జీవ నియంత్రణలో ప్రపంచం చెప్పుకునే గెలుపుల్లో ఇదొకటి. అదే దారిలో పులికంప మీదికి 1941లో తెచ్చిన నల్లి జాతి పురుగు ఆకులు రాల్చింది కానీ మొక్కను చంపలేదు. వయ్యారిభామ కోసం 1980ల్లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చిన పెంకుపురుగు వానాకాలంలో ఆకును జల్లెడ చేస్తుంది, ఎండాకాలంలో కనిపించదు. ఒక్కో మొక్కకు ఒక్కో మందు, అన్నిటికీ పనిచేసే మందు లేదు.

పులికంపకు పనిచేసింది మనిషి చేత్తో చేసే పద్ధతి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అడవిలో చేసి చూపింది: కాండం నరకకూడదు, వేరు మొదలును నేల కిందే తెగగొట్టి మొక్కను తలకిందులుగా పడేయాలి. ఆ తరవాత ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి వేయాలి, మళ్లీ మొలిచే పులికంప మొలకలను రెండు మూడేళ్లు పీకాలి. రెండో పని చేయకపోతే మొదటి పని వృథా. పొక్లెయిన్‌తో తవ్వి వదిలేస్తే మట్టి తిరగబడుతుంది, గింజలు పైకి వస్తాయి, కంప రెండింతలై లేస్తుంది.

కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు పులికంప కట్టెతో కుర్చీలు, బల్లలు చేసి అమ్ముతున్నారు. వెదురు అల్లే మేదరి చేయి మనకూ ఉంది. కంప తీయడం కూలిగా కాక పనిగా, కళగా మారితే తీసేవారికి తీసే కారణం దొరుకుతుంది.

తీర్పు

అరవై ఏళ్ల పరిశోధనను ఈ నేల మీద పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. చొరబాటు మొక్కకు వేగం, గింజల రాశి, మళ్లీ చిగురించే శక్తి ఉన్న మాట నిజం. కానీ మన మొక్కలు బలహీనమైనవి కావు. వరదకు రెల్లు, ఎండకు తునికి, నిప్పుకు టేకు, ఉప్పుకు బాలబందితీగ నిలబడే ఉన్నాయి. అవి ఓడిపోయేది వాటి గుణాలకు విలువ లేకుండా నేలను మనం కోసిన చోటే. గాయం ఉన్న చోటికే ఈగ వస్తుంది. ఈగను తోలుతూ గాయాన్ని వదిలేస్తే లాభం లేదు.

కాబట్టి పని అంచున మొదలుపెట్టాలి: రోడ్డు పక్కల, పోడు గట్ల, ఇసుక రీచుల, నర్సరీల దగ్గర. ఎక్కడ ఒక్క పులికంప మొక్కే ఉందో అక్కడ ముందు తీయాలి, నిండిపోయిన చోట తరవాత. తీసిన ప్రతి గుంటలో ఆ ఊరి గడ్డి, ఆ ఊరి చెట్టు పడాలి. పచ్చగా కనిపిస్తే చాలని పరాయి మొక్కలు పెంచే నర్సరీలు ఇప్ప, సార, ఏరుమద్ది, కానుగ నార్లు పోయాలి. ఇప్ప గింజ కొద్ది వారాలే బతుకుతుంది కనుక రాలిన ఆ రోజుల్లోనే మట్టిలో పడాలి. ఏ కంప ఏ ఏట, ఎటువైపు నుంచి వచ్చిందో ఆకు కోసే ఆడవాళ్లకు తెలుసు. అటవీశాఖ పటం వాళ్లను అడిగి గీయాలి, వాళ్లకు కూలి ఇచ్చి గీయాలి.

చదువుతున్న మీకు నాదొక్క మనవి. ఈసారి గోదావరి ఒడ్డుకో, అడవి దారికో పోయి వచ్చాక, ఇంట్లోకి అడుగుపెట్టే ముందు పంచె అంచూ చీర కుచ్చెళ్లూ ఒకసారి దులుపుకోండి. రాలిన ముళ్లకాయలను గట్టు మీద పారేయకండి, పొయ్యిలో వేయండి. ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి.